హ్యాండోవర్‌లో ‘పిక్ అప్’ వినబడితే

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది కోనసీమ. కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాదులో కొన్నేళ్ళు పనిచేసి, ఓఈటీ (ఆరోగ్యరంగంలో పనిచేసేవాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష) పాసై ఇంగ్లండ్ వచ్చాను. ఏడాది కావస్తోంది. ఇక్కడో పెద్దాసుపత్రిలో వృద్ధుల వార్డు నాది. జబ్బుల పేర్లు, మందుల పేర్లు, పరీక్షల పేర్లతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. నన్ను ఏడిపిస్తున్నవి చిన్న మాటలు. అందులో ‘పిక్ అప్’ మరీను. ఒక రాత్రి డ్యూటీకి వెళ్ళేసరికి హ్యాండోవర్‌లో, అంటే దిగిపోయే షిఫ్టు వాళ్ళు రోగుల సంగతులు మాకు అప్పగించేటప్పుడు, ఒక పెద్దాయన గురించి ‘హీజ్ పిక్డ్ అప్ సిన్స్ లంచ్’ అన్నారు. అంతకు ముందు వారమే పక్క మంచం ఆవిడ గురించి ‘షీజ్ పిక్డ్ అప్ సమ్‌థింగ్’ అన్నారు, ఆవిడకు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఈయనకూ అంతేనేమో అనుకుని ఏప్రన్, గ్లోవ్స్ వేసుకుని, సైడ్ రూమ్ (రోగిని విడిగా ఉంచే గది) ఖాళీగా ఉందా అని అడిగాను. అందరూ నన్ను వింతగా చూశారు. ఇంకోసారి వార్డు సిస్టర్ ‘కెన్ ఐ పిక్ యూ అప్ ఆన్ దట్?’ అంటే, ఇంటి దగ్గర దింపుతానంటున్నారేమో అనుకుని థాంక్యూ చెప్పాను. తర్వాత తెలిసి ఏడుపొచ్చింది. నెట్‌లో ఈ ఒక్క మాటకే పదహారు అర్థాలున్న జాబితా దొరికితే బట్టీ పట్టాను. వినేటప్పుడు ఒక్కటీ గుర్తు రాదు. దీనికేమైనా సూత్రం ఉందా? అడుగుదామంటే, ఇంగ్లీషు రాకుండా వచ్చిందనుకుంటారని భయం. మా చెల్లెలు కూడా ఓఈటీకి చదువుతోంది. ఆ జాబితా దానికి పంపమంటారా?
– ఒక పాఠకురాలు, ఇంగ్లండ్

సమాధానం: అమ్మా, మీరు గ్లోవ్స్ వేసుకున్నందుకు సిగ్గుపడకండి. మాట అర్థం కానప్పుడు రోగికి కీడు జరగని వైపు మొగ్గారు. నేను భయపడేది దీనికి తలకిందులైన సందర్భం గురించి. ఇన్ఫెక్షన్ సోకిందని చెబుతుంటే, కోలుకుంటున్నాడని అనుకుని నిశ్చింతగా ఉండిపోతే? ఒకే మాట మంచి వార్తకూ చెడ్డ వార్తకూ పనికొస్తున్నప్పుడు అలా జరగడానికి ఆస్కారముంది. మీ ప్రశ్న రోగుల క్షేమానికి సంబంధించినది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మీరు విన్న ఆ రెండు వాక్యాలనే పక్కపక్కన పెట్టి చూద్దాం. ‘హీజ్ పిక్డ్ అప్ సిన్స్ లంచ్’లో ‘పిక్డ్ అప్’ తర్వాత వస్తువేదీ లేదు. ‘సిన్స్ లంచ్’ ఎప్పటినుంచో చెబుతోంది, అంతే. ఆయన దేన్నీ ఎత్తలేదు, తనే పైకి లేచాడు. మన మాటల్లో తేరుకున్నాడు, పుంజుకున్నాడు. ‘షీజ్ పిక్డ్ అప్ సమ్‌థింగ్’లో మాత్రం ‘సమ్‌థింగ్’ ఉంది. ఆవిడకు ఏదో తగులుకుంది. ఆస్పత్రి మంచం మీదున్న మనిషికి తగులుకునే ఆ ‘ఏదో’ దాదాపు ఎప్పుడూ ఇన్ఫెక్షనే. బళ్ళో సకర్మక క్రియ, అకర్మక క్రియ అని చదువుకున్నాం కదా. ఆ పాఠం అక్కరకొచ్చేది ఇక్కడే. మనిషి గురించి చెబుతున్నప్పుడు కర్మ లేకపోతే సాధారణంగా మంచి వార్త. కర్మ ఉంటే అదేమిటో చూడాలి.

ఇదే కోవలో మూడో వాక్యం కూడా మీ చెవిన పడే ఉంటుంది: ‘హీజ్ బీన్ పిక్డ్ అప్’. ఆ ‘బీన్’ చేరగానే పని చేసినవాళ్ళు వేరే అయిపోయారు. కూతురు కారు తెచ్చిందో, పేషెంట్ ట్రాన్స్‌పోర్టు వాళ్ళు వచ్చారో, ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. మంచం ఖాళీ. ఒకటి తేరుకున్న మనిషి, ఒకటి జబ్బు తగులుకున్న మనిషి, ఒకటి ఇంటికి వెళ్ళిపోయిన మనిషి. మూడింటిలోనూ వినబడేది అదే ‘పిక్డ్ అప్’. మొదట ఈ మూడు వాక్యాలను గట్టిగా పైకి చదువుతూ తేడాను చెవికి అలవాటు చేయండి. పదహారు అర్థాల జాబితా కన్నా ఇది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒక్క మాటకు ఇన్ని అర్థాలెందుకని విసుగొచ్చి ఉంటుంది. మన ‘పట్టు’ను ఒకసారి తలుచుకోండి. జలుబు పట్టింది, నిద్ర పట్టింది, చెమట పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, బిడ్డకు పాలు పట్టాను, వెళ్ళడానికి రెండు గంటలు పట్టింది, దొంగను పట్టుకున్నారు, పని పట్టుబడింది. మీతో పనిచేసే ఇంగ్లీషు నర్సు ఎవరైనా తెలుగు నేర్చుకోబోయి నిఘంటువులో ‘పట్టు’ తీస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మీ ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకు మాత్రం ఒక్కచోటా సందేహం రాదు. ఆ పిల్ల ‘పట్టు’కు అర్థాల పట్టిక నేర్చుకోలేదు. నిద్రతో కలిపి విన్నది, జలుబుతో కలిపి విన్నది, చెల్లాయికి అమ్మ పాలు పడుతుంటే విన్నది. పక్కనున్న మాటే అర్థాన్ని తేల్చేసింది. ఇంగ్లీషు పిల్లలు ‘పిక్ అప్’ నేర్చుకునేదీ అలాగే. మీరడిగిన సూత్రం నాకు తెలిసినంతలో ఇదొక్కటే: ‘పిక్ అప్’ అంటే ఏమిటని వెతకడం మానేసి, ఎవరు, దేన్ని పిక్ అప్ చేశారో చూడండి.

ఈ తంటా మీ ఒక్కరిదీ కాదు, ఈనాటిదీ కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే, క్రియ వెనక ఓ చిన్న మాట చేర్చి అర్థం మార్చేసే ఈ పద్ధతి పరాయి దేశాల వాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెడుతుందని రాశాడు. వీటికి ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు చాలా తర్వాత, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. 2007లో డీ గార్డ్‌నర్, మార్క్ డేవీస్ అనే ఇద్దరు పరిశోధకులు జనం రాసిన, మాట్లాడిన ఇంగ్లీషును పోగుచేసిన, 10 కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టి, జనం ఎక్కువగా వాడే ఫ్రేజల్ వెర్బులను లెక్కగట్టారు. అందులో ‘పిక్ అప్’ది నాలుగో స్థానం. ‘గో ఆన్’, ‘క్యారీ అవుట్’, ‘సెట్ అప్’ మాత్రమే దానికి ముందున్నాయి. మొదటి 100 ఫ్రేజల్ వెర్బులకు కలిపి 559 అర్థాలు తేలాయి. చూశారా, ఈ దారిలో బట్టీ పట్టుకుంటూ పోతే అంతుండదు.

ఊరటనిచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 2015లో మెలోడీ గార్నియే, నోర్బర్ట్ ష్మిట్ మరో పని చేశారు. తరచుగా వాడే 150 ఫ్రేజల్ వెర్బులు తీసుకుని, ఒక్కోదానికి నిజంగా వాడుకలో బతికున్న అర్థాలేవో చూశారు. సగటున రెండంటే రెండు తేలాయి. నూటికి 75 పాళ్ళయినా జనం వాడేది ఆ కొద్ది అర్థాల్లోనే. మిగతావి ఉన్నాయి గానీ అరుదు. అయితే ఆ లెక్క మొత్తం ఇంగ్లీషుకు సంబంధించినది. ఆస్పత్రి వార్డు ఒక చిన్న ఊరు లాంటిది, దాని వాడుక దానికుంటుంది. మీకు కావలసిన అర్థాలు ఆ ఊరివి. వాటి గురించే చెబుతాను.

అంతకన్నా ముందు చెవి సంగతి. బట్టీ పట్టినా వినేటప్పుడు గుర్తు రావడం లేదన్నారు. కారణం మీ జ్ఞాపకశక్తి కాదు. మీరు పుస్తకంలో చదివిన ‘పిక్’, ‘అప్’ అక్కడ ఎవరి నోటా విడివిడిగా రావు. ‘పిక్ ఇట్ అప్’ నోట్లోంచి వచ్చేసరికి ‘పికిటప్’ అయిపోతుంది. ‘పిక్ హిమ్ అప్’లో హకారం ఎగిరిపోయి ‘పికిమప్’ అవుతుంది. ‘పిక్ హర్ అప్’ అయితే ‘పికరప్’. ‘పిక్ దెమ్ అప్’ను చాలామంది ‘పికమప్’ అంటారు. ఆయన్ని అంటున్నారో వాళ్ళను అంటున్నారో తేల్చుకోవడం కష్టమే. ‘వాడెక్కడున్నాడు’, ‘ఏమిటిది’ అని మనం సంధి చేసుకుని మాట్లాడినట్టే వాళ్ళూ చేస్తారు. మన సంధులు మనకు వినిపించవు, వాళ్ళవి కొత్త మాటల్లా వినిపిస్తాయి. ‘పికిటప్’, ‘పికిమప్’, ‘పికరప్’ అని తెలుగులోనే ఓ కాగితం మీద రాసుకుని పైకి అనుకోండి. తెలుగు లిపిలో ఇంగ్లీషు రాసుకోవడం చిన్నతనమేమీ కాదు. ఉచ్చారణను అంత దగ్గరగా పట్టి చూపే సాధనం మన చేతిలో ఉన్నప్పుడు వాడుకోవాలి.

ఇంకో చిక్కు, ఆ ‘అప్’ ఒక్కోసారి ఎంతో దూరంలో వస్తుంది. ‘కెన్ యూ పిక్ మిసెస్ సో అండ్ సోస్ టాబ్లెట్స్ అప్?’ అన్నారనుకోండి. ‘పిక్’ వినగానే ఏదో ఎంచుకోమంటున్నారని మీ మనసు పరుగెడుతుంది. ‘అప్’ వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఇట్, హిమ్, హర్ లాంటి సర్వనామాలైతే ఎప్పుడూ మధ్యలోనే ఉండాలి. ‘పిక్ అప్ ఇట్’ అని ఎవరూ అనరు. పూర్తి పేరైతే మధ్యలోనూ రావచ్చు, చివరా రావచ్చు. సర్వనామం మధ్యలో ఉన్నప్పుడు గొంతులో ఊనిక కూడా సాధారణంగా ఆ చిన్న ‘అప్’ మీదే పడుతుంది. కాబట్టి వాక్యం పూర్తయ్యేదాకా అర్థం కట్టకండి. మనకది కొత్త విద్యేమీ కాదు. తెలుగులో క్రియ చివరికి గానీ రాదు. ‘డాక్టరుగారు పొద్దున్నే వచ్చి ఆవిడకు ఆ ఇంజెక్షను...’ అన్నాక ఇచ్చారో ఆపారో వినడానికి చివరిదాకా ఆగే జనం మనం. అదే ఓపిక అక్కడ వాడండి.

ఇప్పుడు వార్డులోకి వద్దాం. మీ చెవిన ఎక్కువగా పడేది తీసుకురావడం, తీసుకెళ్ళడం అన్న అర్థం. ‘హర్ సన్ ఈజ్ పికింగ్ హర్ అప్ ఎట్ ఫోర్’ అంటే కొడుకు నాలుగింటికి వచ్చి తీసుకెళ్తాడు. ‘పిక్ అప్ హిజ్ టీటీఓస్ ఫ్రమ్ ఫార్మసీ’ అంటే ఇంటికి పంపే మందులు ఫార్మసీ నుంచి తెచ్చిపెట్టమని. ఇక మనిషిని శరీరంతో ఎత్తే పనికి అక్కడ మాటలు వేరు: హోయిస్ట్, ట్రాన్స్‌ఫర్, స్టాండ్. రోగి బరువును చేతులతో ఎత్తడాన్ని వీలైనంత వరకు తప్పించాలన్నది అక్కడి మాన్యువల్ హ్యాండ్లింగ్ నియమాల ఉద్దేశం కాబట్టి, రోగిని పిక్ అప్ చేయమన్నారంటే చేతులతో ఎత్తమని ఎన్నడూ అనుకోవద్దు. ఫిజియోథెరపీ వాళ్ళు ‘పిక్ యువర్ ఫీట్ అప్’ అంటుంటారు, ముఖ్యంగా పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళతో. అది కాళ్ళు ఈడ్చకుండా అడుగులు ఎత్తి వేయమనడం.

తర్వాతది బాధ్యత తీసుకోవడం. ‘కెన్ యూ పిక్ అప్ బే త్రీ?’ అంటే మూడో బే (వార్డులో కొన్ని మంచాలు కలిసున్న భాగం)లోని రోగులను ఈ పూటకు మీరు చూసుకోవాలని. ‘ఎనీవన్ ఏబుల్ టు పిక్ అప్ ఎ లేట్ ఆన్ సండే?’ అంటే ఆదివారం మధ్యాహ్నం షిఫ్టు అదనంగా ఎవరైనా చేస్తారా అని. దాని పక్కన ‘బ్యాంక్’ అని వినబడితే డబ్బు బ్యాంకు కాదు, అదనపు షిఫ్టులు చేసే సిబ్బంది జాబితాను అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో స్టాఫ్ బ్యాంక్ అంటారు. ఇక్కడ నాదొక మాట. కొత్తగా వెళ్ళినవాళ్ళు మొహమాటపడి, అర్థం కాకపోయినా ‘యెస్’ అనేస్తుంటారు. దాంతో ఒప్పుకోని షిఫ్టు నెత్తిన పడుతుంది, లేదా ఇద్దరు నర్సులూ అవతలి వాళ్ళు చూసుకుంటున్నారనుకుని ఒక బేను వదిలేస్తారు. రెండోది చాలా ప్రమాదం. ‘యెస్’ అనేముందు ఏ బే, ఎప్పటిదాకా అన్నది మీ నోటితో తిరిగి చెప్పండి.

ఫోన్ సంగతి మనకు సులువు, మనమూ ‘ఎత్తడం లేదు’ అంటాం కదా. ‘నో వన్ ఈజ్ పికింగ్ అప్’ అంటే అదే. మన అలవాటు కొద్దీ ‘దే ఆర్ నాట్ లిఫ్టింగ్ ది ఫోన్’, ‘షీ కట్ ది కాల్’ అంటే మాత్రం వాళ్ళు తడబడతారు. పెట్టేయడానికి ‘హంగ్ అప్’ అంటారు.

అన్నిటికన్నా నిదానించి చూడవలసింది కనిపెట్టడమనే అర్థం. ‘ది స్కాన్ పిక్డ్ అప్ ఎ స్మాల్ నాడ్యూల్’ అంటే స్కానులో చిన్న గడ్డ బయటపడింది. ‘ది మర్మర్ వాజ్ పిక్డ్ అప్ బై హర్ జీపీ’ అంటే గుండె చప్పుడులో తేడాను జీపీ, అంటే ఆవిడ కుటుంబ డాక్టరు, గుర్తించారు. అది కొత్తగా వచ్చిందని కాదు, ఎన్నాళ్ళుగా ఉందో, ఇప్పుడు తెలిసింది. ‘ది ప్రోబ్ ఈజంట్ పికింగ్ అప్’ అంటే రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టిన సాట్స్ ప్రోబ్‌కు రీడింగ్ అందడం లేదని. చేతులు చల్లబడ్డాయా, గోళ్ళకు రంగుందా చూడమని అందులో ఇమిడి ఉంటుంది. ఇప్పుడు ఈ రెండూ చూడండి. ‘హర్ బీపీ పిక్డ్ అప్ ఆఫ్టర్ ది ఫ్లూయిడ్స్’ అంటే పడిపోయిన బీపీ సెలైన్ ఎక్కించాక పుంజుకుంది. ‘హర్ హై బీపీ వాజ్ పిక్డ్ అప్ లాస్ట్ ఇయర్’ అంటే బీపీ ఎక్కువగా ఉందని నిరుడు తెలిసింది. రెండింటిలోనూ బీపీ ఉంది, పిక్డ్ అప్ ఉంది. తేడా అంతా ‘వాజ్’లో ఉంది. ‘బీన్’ గానీ ‘వాజ్’ గానీ ముందుంటే పని చేసింది మరొకరని గుర్తు. మొదట చెప్పిన మూడు వాక్యాల సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది.

జబ్బు తగులుకోవడం గురించి మీకు తెలిసిందే కాబట్టి ఒక్క మాట చాలు: ‘హీ పిక్డ్ అప్ ఎ బగ్’ అన్నప్పుడు బగ్ పురుగు కాదు. శీతాకాలంలో వాంతులు, విరేచనాలతో వార్డులను మూయించే నోరోవైరస్‌ను అక్కడ మామూలు జనం ‘వింటర్ వామిటింగ్ బగ్’ అనే అంటారు. ఆ మాట వినబడితే మీరు ఏప్రన్ వేసుకోవడం సరైనదే. ఇలాంటప్పుడు జెల్‌తో సరిపెట్టక సబ్బూ నీళ్ళతో చేతులు కడగాలని మీకు వేరే చెప్పనక్కరలేదు.

తేరుకోవడం అన్న అర్థానికి పూర్తిగా ఎదురు తిరిగే మాట ఒకటుంది. ‘హిజ్ అపెటైట్ ఈజ్ పికింగ్ అప్’ అంటే ఆకలి పుడుతోంది, బాగా తింటున్నాడు. ‘హీజ్ జస్ట్ పికింగ్ ఎట్ హిజ్ ఫుడ్’ అంటే పళ్ళెంలో కెలుకుతున్నాడు తప్ప తినడం లేదు. ‘అప్’కీ ‘ఎట్’కీ ఎంత తేడా వచ్చిందో చూడండి. ఒకదానికి సంతోషించాలి, రెండోదానికి ఫుడ్ చార్ట్ తెరవాలి, డైటీషియన్‌కు చెప్పాలా అని ఆలోచించాలి. వృద్ధుల వార్డులో ఈ రెండూ రోజూ వినబడతాయి. అదే ‘ఎట్’ కట్టు మీదకు వెళితే, ‘హీజ్ పికింగ్ ఎట్ హిజ్ డ్రెస్సింగ్’ అంటే గాయం మీది కట్టును గోళ్ళతో పీకుతున్నాడు.

మీ సిస్టర్ అన్న మాట సంగతి ఇప్పుడు. మన ఆస్పత్రుల్లో నర్సులందరినీ సిస్టర్ అంటాం గానీ అక్కడ వార్డు సిస్టర్ అంటే ఆ వార్డుకు పెద్ద. ఆమె ‘కెన్ ఐ పిక్ యూ అప్ ఆన్ దట్?’ అన్నారంటే, మీరు ఇప్పుడే చెప్పినదాంట్లోనో చేసినదాంట్లోనో ఒక విషయం సరిదిద్దాలనుకుంటున్నారు. ‘ఆన్ దట్’ తోక ఉంటే కారు ప్రసక్తి లేదు. కోపంగా అనే మాటా కాదు. ‘ఒక్క మాట చెప్పనా, ఏమనుకోకు’ అని మన ఇళ్ళలో అత్తగారో పెద్దక్కో అంటే ఎలా ఉంటుందో అలాంటిది. ‘యెస్, ప్లీజ్ డూ’ అనాలి. మీరు థాంక్యూ అన్నారు. నిజం చెప్పాలంటే అది చాలా మర్యాదైన జవాబు, ఆమెకు తప్పుగా తోచి ఉండదు. ఆ తర్వాత ఆమె చెప్పిన దిద్దుబాటు మీకు అందిందా లేదా అన్నదొక్కటే నాకు బెంగ. అందకపోయి ఉంటే రేపే వెళ్ళి, ఆ రోజు మీరు నాకేదో చెప్పబోయారు, సరిగ్గా అర్థం కాలేదు, మళ్ళీ చెబుతారా అని అడగండి. దీనికి చుట్టమైన ‘పిక్ అప్ ఆన్’ ఇంకోటుంది. ‘డిడ్ యూ పిక్ అప్ ఆన్ హర్ మూడ్?’ అంటే ఆవిడ దిగులుగా ఉండడం గమనించావా అని. నర్సుకు అది మెచ్చుకోలుగా కూడా వస్తుంది: ‘వెల్ పిక్డ్ అప్’ అన్నారంటే, బాగా కనిపెట్టావు అని భుజం తట్టడం.

‘వీల్ పిక్ దిస్ అప్ టుమారో’ అంటే ఈ మాట రేపు మళ్ళీ ఎత్తుకుందామని. ఆగిన పాటను ఎత్తుకోవడం లాంటిదే. వార్డు బయట వినే మిగతావి తొందరగా చెప్పేస్తాను. దారిలో పాలు పిక్ అప్ చేయడమంటే కొనుక్కురావడం. బిల్లు పిక్ అప్ చేయడమంటే అందరి తరఫునా చెల్లించడం. పోలీసులు పిక్ అప్ చేశారంటే పట్టుకెళ్ళారు. పబ్బులో పరిచయం లేనివాడు ‘ట్రైడ్ టు పిక్ హర్ అప్’ అని ఎవరైనా చెబితే, ఆమెను వలలో వేసుకోబోయాడని. సహోద్యోగిని ఎవరైనా ‘ఐ విల్ పిక్ యూ అప్ ఎట్ సెవెన్’ అంటే మాత్రం కారులో ఎక్కించుకోవడమే, నిక్షేపంగా వెళ్ళండి.

అడగడానికి భయమన్నారు. ఇక్కడ మీతో కాస్త గట్టిగానే మాట్లాడతాను. మీరు నమోదైన నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ నియమావళిలోనే, అపార్థాలు, పొరపాట్లు తగ్గేలా ఎదుటివాళ్ళకు అర్థమైందో లేదో సరిచూసుకుంటూ ఉండాలని ఉంది. అడగడం మీ వృత్తిధర్మంలో భాగం. ఇంగ్లీషు రాదనిపించుకోకుండా అడగడానికి ఒక పద్ధతి ఉంది. ‘వాట్ డజ్ పిక్డ్ అప్ మీన్?’ అనకండి. అది మాట గురించి అడగడం. మీరు రోగి గురించి అడగండి: ‘జస్ట్ టు చెక్, డూ యూ మీన్ హీ ఈజ్ బెటర్ దాన్ దిస్ మార్నింగ్?’ అది ఏ దేశంలో పుట్టిన నర్సయినా అడిగే ప్రశ్న. ‘షీజ్ పిక్డ్ అప్ సమ్‌థింగ్’ అంటే, ‘డూ వి నో వాట్? డజ్ షీ నీడ్ ఎ సైడ్ రూమ్?’ అనండి. బే అప్పగిస్తే, ‘సో ఐ యామ్ లుకింగ్ ఆఫ్టర్ బే త్రీ అంటిల్ ది మార్నింగ్, ఈజ్ దట్ రైట్?’ అనండి. మూడింటిలోనూ మీరు ‘పిక్ అప్’ అన్న మాట పలకనే లేదు. దాని అర్థాన్ని వేరే మాటతో తిప్పి చెప్పారు. తప్పయితే వాళ్ళే దిద్దుతారు, ఒప్పయితే తలూపుతారు.

మాటతో పాటు అంకెల సాయం కూడా తీసుకోండి. మీ వార్డులో న్యూస్2 చార్ట్ రాస్తుంటారు కదా, బీపీ, నాడి, ఊపిరి లాంటివి చూసి వేసే స్కోరు, పెరిగితే ప్రమాదం. ఆయన తేరుకున్నాడన్నది నిజమైతే, పొద్దున 5 ఉన్న స్కోరు సాయంత్రానికి 2కో 1కో దిగి ఉండాలి. చెవిన పడ్డ మాట ఒకటి, కళ్ళ ముందున్న అంకె ఇంకొకటి చెబుతుంటే, అంకెను పట్టుకుని అడగండి. అప్పుడు అది భాషకు సంబంధించిన ప్రశ్నలా వినిపించదు, జాగ్రత్తగల నర్సు ప్రశ్నలా వినిపిస్తుంది. అదే దాని అసలు రూపం కూడా.

రాతలో మాత్రం ‘పిక్ అప్’ను దగ్గరకు రానీయకండి. ఇది నా గట్టి అభిప్రాయం. నోట్స్‌లో మెరుగుపడితే ‘ఇంప్రూవ్డ్’, తీసుకెళ్తే ‘కలెక్టెడ్’, బయటపడితే ‘డిటెక్టెడ్’, సోకితే ‘అక్వయర్డ్’ అని రాయండి. ఒక్కో మాటకు ఆ సందర్భంలో ఒక్కటే అర్థం. రేపు పొద్దున ఆ కాగితం చదివే డాక్టరు ఏ దేశం నుంచి వచ్చినవారో మీకు తెలియదు. ఇలాంటి మాటలు మీకు ఓఈటీ నాటినుంచే బాగా వచ్చు. పుస్తకాల ఇంగ్లీషు అని వాటిని చిన్నచూపు చూడకండి. మాట్లాడేటప్పుడు కూడా అవి వాడితే ఎవరూ తప్పు పట్టరు. ‘పిక్ అప్’ మీకు అర్థం కావడం అవసరం, మీ నోట రావడం అవసరం కాదు. వింటూ వింటూ ఉంటే అదే ఓ రోజు మీ ప్రయత్నం లేకుండా నోట్లోంచి వస్తుంది. ‘యూ విల్ పిక్ ఇట్ అప్’ అని అక్కడివాళ్ళు కొత్తవాళ్ళతో అనేది ఇలాంటి నేర్పు గురించే. చదివి నేర్చుకునేది కాకుండా పనిలో పడి ఒంటబట్టేదానికే ఆ మాట వాడతారు.

జేబులో చిన్న నోటుబుక్ పెట్టుకుంటారు కదా, అందులో ఒక పేజీ దీనికి కేటాయించండి. ‘పిక్ అప్’ అని శీర్షిక పెట్టి, కింద అర్థాలు రాయకండి. విన్న వాక్యాన్ని విన్నట్టుగా రాయండి, ఎవరి గురించి, ఏ సందర్భంలో అన్నారో రెండు ముక్కలు చేర్చండి. రోగుల పేర్లు, బెడ్ నంబర్లు మాత్రం ఎక్కడా రాయవద్దు, అది గోప్యతకు సంబంధించిన విషయం. ఇలా పోగైన వాక్యాలే మీ వార్డు అసలు నిఘంటువు. ఇదే పద్ధతి ‘కమ్ ఆఫ్’, ‘గో ఆఫ్’, ‘సెటిల్ డౌన్’, ‘బ్రింగ్ అప్’లకూ పనికొస్తుంది. ముఖ్యంగా ‘బ్రింగ్ అప్’తో జాగ్రత్త. ‘షీ బ్రాట్ అప్ హర్ లంచ్’ అంటే తిన్నది కక్కేసింది. ‘షీ బ్రాట్ అప్ హర్ లంచ్ విత్ ది డాక్టర్’ అంటే భోజనం సంగతి డాక్టరు దగ్గర ఎత్తింది.

మీ చెల్లాయికి ఆ జాబితా పంపవద్దు. పదహారు అర్థాలు చూసి ఆ పిల్ల బెంబేలెత్తుతుంది, పైగా పరీక్షలో అవి ఆ రూపంలో రావు. ఓఈటీ లిజనింగ్‌లో బి పార్టు అని ఒకటుంటుంది, పనిచోట మాట్లాడుకునే చిన్న చిన్న సంభాషణలు ఆరు వినిపిస్తారు. హ్యాండోవర్లు కూడా అందులో వస్తాయి. మీరు నోటుబుక్‌లో రాసుకున్న వాక్యాలను పేర్లు తీసేసి మీ గొంతుతోనే రికార్డు చేసి, వారానికో నాలుగు వాట్సాప్‌లో పంపండి. వాక్యం ఒక్కటే పంపి, రోగి బాగున్నాడా, బాగా లేడా, వెళ్ళిపోయాడా అని అడగండి. జవాబు వచ్చాక, ఏ మాట విని అలా అనుకున్నావని కూడా అడగండి. ‘బీన్’ అనో, ‘సమ్‌థింగ్’ అనో, ‘ఎట్’ అనో ఆ పిల్ల వేలు పెట్టి చూపించగలిగిన రోజున బి పార్టుకు సిద్ధమైనట్టే.